సూది మొన ఎక్కడుంది?

పశువైద్యం నేర్చుకునేవాళ్ల చేతికి గుర్రం మెడ సిర దొరికినంత సులువుగా మరే జంతువు సిరా దొరకదు. కుక్క ముంగాలి సిర సన్నం, పిల్లిది ఇంకా సన్నం, గేదె మెడ తోలు దళసరి. గుర్రానికి మాత్రం మెడ పక్కన, గాలిగొట్టానికి కాస్త పైగా, దవడ మూల నుంచి రొమ్ము దాకా ఒక గాడి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గాడిలో చర్మం కిందనే జుగులర్ సిర ఉంటుంది. గాడిలో ఒకచోట బొటనవేలు అదిమి కాసేపు ఆగితే చాలు, తల నుంచి గుండెకు దిగుతున్న రక్తం అక్కడ నిలిచి, సిర ఉబ్బి పైకి తేలుతుంది. వేలు తీస్తే మళ్లీ దిగిపోతుంది. అంత లావు సిరలోకి సూది దించడం కొత్తవాళ్లకు కూడా త్వరగానే పట్టుబడుతుంది. గుర్రాల విషయంలో ఈ సులువే అసలు ప్రమాదమని నా వాదన. సిర దొరకగానే పని వచ్చేసిందని చేయి నమ్ముతుంది. నిజానికి నేర్చుకోవలసిన భాగం అక్కడే మొదలవుతుంది: సూది మొన ఈ క్షణాన ఎక్కడుందో రుజువు చేసుకోవడం, రుజువు దొరక్కపోతే మందు ఒక్క చుక్క కూడా వదలకుండా సూది వెనక్కి తీసేయడం. జనం ‘నరానికి ఇచ్చే సూది’ అనే ఈ పనిలో గుర్రాలకు జరిగే హానుల్లో చాలావాటికి కారణం సూది గుచ్చడం రాకపోవడం కాదు, మొన ఎక్కడుందో తెలియకుండానే పిస్టన్ నొక్కడం.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ఆ గాడి లోపల ఏముందో చూడాలి. పైన చర్మం, దాని కింద పలచని కండర పొర, ఆ కింద సిర. సిరకు లోపలి వైపున, దాదాపు దాని వెంటే, గుండె నుంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని సాగుతుంది. ఆ ధమనిని అంటిపెట్టుకుని వేగస్ నాడి, సింపథెటిక్ నాడి ఒకే కట్టగా వెళ్తాయి. స్వరపేటికను కదిలించే మరో సన్నని నాడి కూడా ఆ దగ్గరే ఉంటుంది. మెడ పై భాగంలో సిరకూ ధమనికీ నడుమ ఒమోహయాయిడ్ అనే పట్టీలాంటి కండరం అడ్డంగా ఉంటుంది. కిందికి, రొమ్ము వైపు వచ్చేసరికి ఆ కండరం రక్షణ ఉండదు. సిర, ధమని పక్కపక్కనే చేరతాయి. అందుకే మెడను మూడు భాగాలు చేసుకుంటే పై మూడో వంతులోనే, లేదా పై భాగానికీ నడి భాగానికీ కలిసే చోటే సూది వేయాలని పశువైద్య కళాశాలలన్నీ చెబుతాయి. ఎడమ వైపు కింది మెడలో అన్నవాహిక కూడా గాలిగొట్టం పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి అక్కడ సూదికి ఇంకో కారణం చేతా చోటు లేదు. చూడబోతే కింది మెడలోనే సిర మరింత లావుగా, అందుబాటుగా కనిపిస్తుంది. కంటికి సులువుగా తోచే చోటు, నిజంగా భద్రమైన చోటు ఒకటి కాకపోవడం ఈ విద్యలో మొదటి పాఠం. ఆ ఒమోహయాయిడ్ కూడా ఇనుప రేకేమీ కాదు. పొడవాటి సూదిని నిటారుగా, బలంగా పొడిస్తే సిరను రెండు వైపులా చీల్చుకుని, కండరాన్ని కూడా దాటి ధమనిలోకి చేరుతుంది.

ధమనిలో పడితే ఏమవుతుంది? సిరలో వేసిన మందు ముందు గుండె కుడి గదులకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, తిరిగి గుండె ఎడమ గదులకు వెళ్లి, ఆ తర్వాతే ఒళ్లంతా పంపకమవుతుంది. 500 కిలోల గుర్రం ఒంట్లో సుమారు 40 లీటర్ల రక్తం ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడే దాని గుండె నిమిషానికి 30 లీటర్లకు పైగా తోడుతుంది, అంటే సెకనుకు అర లీటరు. సిరలో పడ్డ పది మిల్లీలీటర్ల మందు ఈ ప్రవాహంలో కలిసి పలచబడి, అందులో కొద్ది పాలు మాత్రమే మెదడుకు చేరుతుంది. కెరోటిడ్‌లో పడ్డ మందుకు ఈ దారి లేదు. పలచబడే వ్యవధి లేకుండా, దాదాపు పూర్తి గాఢతతో, కొన్ని సెకన్లలో ఒక పక్క మెదడును ముంచెత్తుతుంది. సిరంజి ఇంకా ఖాళీ కాకముందే గుర్రం తల విసరవచ్చు, ముందు కాళ్లు పైకెత్తవచ్చు, కుప్పకూలి మూర్ఛలో కాళ్లు కొట్టుకోవచ్చు. మత్తు కోసం ఇచ్చే జైలజీన్ వంటి నీటిలో కరిగే మందులైతే చాలా గుర్రాలు కొంతసేపటికి లేచి నిలబడతాయి. నూనె లేదా ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి ద్రావకాల్లో ఉండే మందులు, ఫినైల్‌బ్యూటజోన్ వంటి ఘాటైన మందులు మెదడు కణజాలాన్నే దెబ్బతీస్తాయి. వాటితో బతకడం కష్టం. దీనికి విరుగుడు మందంటూ లేదు. వైద్యుడు మూర్ఛను అదుపు చేయగలడు, గుర్రం తలకు దెబ్బ తగలకుండా చూడగలడు, అంతే. అయిదు వందల కిలోల జంతువు పడిపోతున్నప్పుడు దాని పక్కన ఉన్న మనుషులకూ అది ప్రాణాపాయమే.

ధమనికీ సిరకూ తేడా కనిపెట్టడానికి ప్రకృతి ఒక బలమైన గుర్తును ఇచ్చింది: ఒత్తిడి. దాని తొలి కొలతల్లో పేరొందినది జరిగిందీ గుర్రంలోనే. ఇంగ్లండ్‌లోని టెడింగ్టన్‌లో మతగురువుగా ఉన్న స్టీఫెన్ హేల్స్ ఒక ఆడ గుర్రాన్ని వెల్లకిలా కట్టి, దాని తొడ ధమనిలో గొట్టం అమర్చి, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు ఎగబాకింది. 1733లో అచ్చయిన ‘హీమాస్టాటిక్స్’ గ్రంథంలో ఆయన ఈ వివరం నమోదు చేశాడు. కట్టేసిన ఆ జంతువు పడిన భయం, బాధ కూడా ఆ ఎత్తులో ఉన్నాయి. నిమ్మళంగా నిలబడ్డ గుర్రంలో ధమని ఒత్తిడి అందులో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అయినా మెడ సిరలోని ఒత్తిడితో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే సిరంజి తగిలించకుండా ముందు సూదిని మాత్రమే దించే పద్ధతిని నేను గట్టిగా సమర్థిస్తాను. సిరంజి లేని సూది వెనక కొసలో రక్తం ఎలా వస్తుందో కళ్లతో చూడవచ్చు. సిరలోది ముదురు ఎరుపు, నెమ్మదిగా కారుతుంది. కింద అదిమిన వేలు తీస్తే తగ్గుతుంది, మళ్లీ అదిమితే పెరుగుతుంది. ధమనిలోది మెరిసే ఎరుపు, గుండె కొట్టుకునే లయలో చిమ్ముతుంది. వేలు తీసినా, అదిమినా దానికి లెక్కలేదు. రంగు ఒక్కదాన్నే నమ్మకూడదు. వెలుతురు సరిగా లేని కొట్టంలో రంగు మోసం చేస్తుంది. వేలు అదిమినప్పుడు, తీసినప్పుడు ధారలో వచ్చే మార్పే మెరుగైన సాక్ష్యం, ఎందుకంటే అది సిరకు మాత్రమే ఉన్న గుణం. సిరంజిని ముందే తగిలించి గుచ్చేవాళ్లకు ఈ సాక్ష్యం చాలావరకు అందదు. పిస్టన్ వెనక్కి లాగితే రక్తం వస్తుంది, నిజమే. ఏదో ఒక రక్తనాళంలో ఉన్నామని మాత్రమే అది చెబుతుంది. ఏ నాళమన్నది చెప్పదు.

ఇక్కడ సన్నని సూది గురించి ఒక అభ్యంతరం వస్తుంది. గుర్రానికి నొప్పి తగ్గాలంటే సన్న సూది వాడాలి కదా, పిల్లలకు డాక్టర్లు అలాగే చేస్తారు కదా అని. జంతువు మీద దయతో పుట్టిన మాట ఇది, తోసిపారేయలేను. కానీ లెక్క వేరే చెబుతుంది. సన్నని గొట్టంలోంచి ఒక సెకనులో పారే ద్రవం పరిమాణం గొట్టం లోపలి వ్యాసానికి నాలుగో ఘాతంతో మారుతుందని పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు ప్వాజేయ్ చూపించాడు. గుర్రాలకు మామూలుగా వాడే 18 గేజ్ సూది లోపలి వ్యాసం సుమారు 0.84 మిల్లీమీటర్లు, 21 గేజ్ సూదిది సుమారు 0.51. చూడటానికి తేడా కొద్దిగానే ఉంది. నాలుగో ఘాతం కట్టి చూస్తే, అదే ఒత్తిడికి రెండో సూదిలోంచి వచ్చే రక్తం మొదటి దాంట్లో దాదాపు ఏడో వంతే. అంటే ధమనిలో ఉన్నా సరే, సన్న సూదిలోంచి రక్తం చిమ్మకుండా చుక్కలు చుక్కలుగా వచ్చి సిర రక్తంలా కనిపించవచ్చు. సన్న సూది నొప్పిని కొంచెం తగ్గిస్తుంది, దానితోపాటు మనల్ని హెచ్చరించే గుర్తు నోరే నొక్కేస్తుంది. పైగా గుర్రం మెడ ఝాడిస్తే సన్న సూది వంగుతుంది, మొన పక్కకు పోతుంది. ఒకటిన్నర అంగుళాల పొడవున్న 18 లేదా 19 గేజ్ సూదిని ఒక్క ఊపున చర్మం దాటించి, తర్వాత మెడకు దాదాపు సమాంతరంగా వాల్చి, సిర లోపలే మొదలంటా నెట్టడం అందరూ నేర్పే పద్ధతి. అంత పొడవూ సిరలోపల ఉంటే, గుర్రం కాస్త కదిలినా మొన బయటికి రాదు. మొన గుండె వైపు ఉండాలా, తల వైపు ఉండాలా అన్నదానిపై అనుభవజ్ఞుల్లో రెండు పక్షాలున్నాయి. ఆ వాదంలో ఎటు మొగ్గినా, పైన చెప్పిన పరీక్ష రెండింటికీ ఒకటే.

ఆ పరీక్ష ఒక్కసారి చేస్తే తీరిపోదు. సూదికి సిరంజి తగిలించే క్షణంలో చేయి కదులుతుంది. మందు సగం వెళ్లేసరికి గుర్రం ఒక అడుగు పక్కకు వేస్తుంది. మొదట సిరలో ఉన్న మొన రెండో సగంలో సిర వెలుపల ఉండవచ్చు. అందుకే సిరంజి తగిలించాక ఒకసారి, మందు వెళ్తుండగా మధ్య మధ్య పిస్టన్ కొంచెం వెనక్కి లాగి రక్తం వస్తోందా అని చూస్తారు. సిరంజి పట్టుకున్న చేతి మణికట్టును గుర్రం మెడకే ఆనించి ఉంచుతారు. మెడ కదిలితే చేయీ దానితోపాటే కదలాలి. పగ్గం పట్టుకునే మనిషి సూది వేసే మనిషి ఉన్న వైపే నిలబడాలి. ఎందుకంటే గుర్రం బెదిరినప్పుడు తల తమ వైపు తిప్పుకుంటే దాని వెనక భాగం అవతలికి పోతుంది. ఎదురు వైపు నిలబడి లాగితే ఆ గుర్రం సూది వేసే మనిషి మీదికే వస్తుంది. ఇదంతా చదవడానికి చిన్న చిన్న జాగ్రత్తల జాబితాలా ఉంటుంది గానీ, ఒక్కొక్కటీ అదే ప్రశ్నకు జవాబు: మొన ఉన్నచోటే ఉందా?

ధమనిలో పడటం అరుదైన ప్రమాదం. మందు సిర వెలుపల, చుట్టూ ఉన్న కణజాలంలో చిందడం అంతకంటే ఎక్కువగా జరిగేది. ఫినైల్‌బ్యూటజోన్ గుర్రాల కుంటితనానికీ కీళ్ల నొప్పికీ ప్రపంచమంతా వాడే మందు. దాని క్షార గుణం చాలా తీవ్రం. సిరలో పడితే రక్తం దాన్ని క్షణంలో పలచన చేస్తుంది. సిర బయట కొద్దిగా పడినా అక్కడి కణజాలం మాడినట్టు చచ్చిపోయి, వాచి, కొన్నిసార్లు చర్మంతో సహా ఊడి వస్తుంది. సిర గోడ దెబ్బతిని లోపల రక్తం గడ్డకట్టవచ్చు. పక్కనే ఉన్న నాడులకు తగిలితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. స్వరపేటిక నాడి చెడితే ఊపిరి తీసుకునేటప్పుడు గొంతులో ఒక వైపు తెరుచుకోదు. పరుగెత్తినప్పుడు గుర్రం గురగురమంటుంది, పందెపు గుర్రమైతే దాని పరుగు జీవితం ముగిసినట్టే. సింపథెటిక్ నాడికి దెబ్బ తగిలితే ఆ వైపు కనురెప్ప వాలుతుంది, మెడ, ముఖం చెమటతో తడుస్తాయి. మనిషిలో ఇదే నాడి దెబ్బతింటే ఆ పక్క చెమట పట్టడం ఆగిపోతుంది. గుర్రంలో సరిగ్గా తలకిందులు. గుర్రం చెమట గ్రంథులు రక్తంలో తిరిగే అడ్రినలిన్‌కు స్పందిస్తాయి. నాడి అదుపు పోగానే అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, ఎక్కువ రక్తం, దానితో ఎక్కువ అడ్రినలిన్ చేరి చెమట కారుతుంది. మెడకు ఒక పక్కే చెమట కనిపిస్తే, సూది వేసినవాళ్లు దాన్ని ఎండ మీదికో అలసట మీదికో నెట్టకుండా వైద్యుడికి వెంటనే చెప్పాలి. సిర వెలుపల మందు పడిందని అనుమానం వచ్చిన క్షణంలోనే చెబితే, ఆ చోటును సెలైన్‌తో పలచన చేసి నష్టం తగ్గించే ప్రయత్నం ఆయన చేయగలడు. దాచిపెడితే ఆ అవకాశం గంటల్లో పోతుంది.

ఇంత ప్రమాదమైతే సిర జోలికి పోకుండా కండకే ఇవ్వవచ్చు కదా? బలమైన ప్రశ్నే. పశువులకు కండ ఇంజెక్షన్లు చూసి అలవాటుపడ్డ ప్రాంతాల్లో ఇది సహజంగా వచ్చే ఆలోచన. కానీ కండలో పడితే భద్రం అన్న నమ్మకానికి గుర్రం ఒంట్లో ఆధారం లేదు. ఫినైల్‌బ్యూటజోన్‌ను కండకు ఇస్తే సిర బయట పడినప్పుడు జరిగేదే కండలోపల జరుగుతుంది. కడుపు శూలకు ఇచ్చే ఫ్లూనిక్సిన్ కండకు ఇచ్చిన తర్వాత కొన్ని గుర్రాల్లో క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా ఆ దెబ్బతిన్న కండరంలో పెరిగి, కండరం కుళ్లి, వాయువు చేరి, ప్రాణం తీసిన సందర్భాలు పశువైద్య సాహిత్యంలో చాలా ఉన్నాయి. అందుకే ఆ మందును సిరకో నోటికో ఇమ్మని నిపుణులు గట్టిగా చెబుతారు. దీనికి సరిగ్గా ఎదురుగా ప్రొకైన్ పెన్సిలిన్ ఉంది: పాల లాంటి తెల్లటి ఈ మందు కండకే ఇవ్వాలి, సిరకు ఎప్పుడూ ఇవ్వకూడదు. కండలో వేస్తున్నప్పుడు మొన పొరపాటున ఒక చిన్న సిరలో ఉంటే, ప్రొకైన్ రక్తంలో నేరుగా కలిసి మెదడును రెచ్చగొడుతుంది. గుర్రం పిచ్చెత్తినట్టు గోడలకు గుద్దుకుని పడిపోతుంది. వేడిలో నిల్వ ఉన్న సీసాలో కరిగిన ప్రొకైన్ పాలు పెరిగి ఈ ముప్పు ఇంకా ఎక్కువవుతుంది. మన ఎండాకాలాల్లో గుర్తుంచుకోవలసిన సంగతి. చూశారా, కండ ఇంజెక్షన్‌లోనూ అడగవలసింది అదే ప్రశ్న: మొన ఎక్కడుంది, ఏ మందుకు అది తగిన చోటు? సిరను వదిలి కండకు పారిపోతే ఆ ప్రశ్న నుంచి తప్పించుకున్నట్టు కాదు.

సిరలోపలే, సరైన చోటే మొన ఉన్నా మిగిలే ముప్పులు రెండున్నాయి. ఒకటి గాలి. గుర్రం తల ఎత్తి నిలబడితే మెడ పై భాగం గుండె కంటే చాలా ఎత్తులో ఉంటుంది. అక్కడ సిరలోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గిపోవచ్చు. కింద వేలు అదిమి ఉన్నంతసేపు రక్తం బయటికి వస్తుంది. వేలు తీసి సూది నోరు తెరిచి వదిలేస్తే, ముఖ్యంగా రోజుల తరబడి ఉంచే లావు క్యాథెటర్ మూత ఊడితే, రక్తం రాకపోగా గాలి లోపలికి పీల్చుకుపోతుంది. నాలుగు బుడగలు ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతాయి, హాని తక్కువ. ధారగా వెళ్లిన గాలి గుండెకు రక్తం పంపడం కష్టం చేసి గుర్రాన్ని పడగొడుతుంది. రెండోది వేగం, కలయిక. క్యాల్షియం ద్రావణాన్ని గబగబా ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. ఆక్సిటెట్రాసైక్లిన్ వేగంగా ఇస్తే రక్తపోటు కుప్పకూలి గుర్రం పడుతుంది. డెటోమిడిన్‌తో మత్తులో ఉన్న గుర్రానికి ట్రైమెథోప్రిమ్ కలిసిన సల్ఫా మందును సిరకు ఇస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇవి వేళ్ల నైపుణ్యంతో తెలిసేవి కావు. సీసా మీద ఉన్నది చదివి, అంతకుముందు ఏం ఇచ్చారో అడిగి తెలుసుకోవాలి. చేతి పనిగా మాత్రమే ఈ విద్యను నేర్పడం చాలదని నేను అనడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అన్నిటికంటే గట్టి అభ్యంతరానికి వస్తాను. పందెపు గుర్రాల శాలల్లో ఏళ్ల తరబడి పనిచేసిన, గుర్రాల బాగోగులు చూసే సైసులు, శిక్షకులు ఉంటారు. వందల సూదులు వేశాం, ఒక్క గుర్రమూ పడలేదు, మీ పుస్తకాల భయం మాకెందుకు అంటారు. వాళ్ల అనుభవం విలువైనది. గుర్రం చెవి కదలిక చూసి అది ఏం చేయబోతోందో పసిగట్టడంలో పట్టా పుచ్చుకున్న చాలామంది కంటే వాళ్లే మేలు. అయితే ‘ఇప్పటిదాకా ఏమీ కాలేదు’ అన్నది ఎంతవరకు రుజువో లెక్కగట్టవచ్చు. ఒకరి పద్ధతిలో నూటికి ఒక్కసారి ప్రమాదం జరుగుతుందని అనుకుందాం. గుర్రం ప్రాణంతో చెలగాటమాడే పనికి అది భరించలేని స్థాయి. ఆ పద్ధతితోనే 100 సూదులు వేసినవాళ్లను తీసుకుంటే, నూటికి 37 మందికి ఒక్క ప్రమాదమూ ఎదురుకాదు. 0.99ని నూరు సార్లు తనతో తాను గుణిస్తే వచ్చే సంఖ్య అది. 300 సూదులు వేసినవాళ్లలో కూడా నూటికి 5 మంది దాకా మచ్చలేకుండా బయటపడతారు. వాళ్లే ధైర్యంగా ఇతరులకు నేర్పేవాళ్లవుతారు. గుర్రం పడటం చూసినవాళ్లు ఆ పని మానేస్తారు, లేదా దాని గురించి మాట్లాడరు. అందువల్ల మనకు వినిపించే అనుభవం సహజంగానే అదృష్టం వైపు వాలి ఉంటుంది. అరుదైన ప్రమాదాన్ని ఒక వ్యక్తి అనుభవం కొలవలేదు. ప్రతిసారీ చేసే పరీక్ష మాత్రమే ప్రతిసారీ రక్షిస్తుంది, అది నూరో సూదికీ మొదటి సూదికీ సమానంగా వర్తిస్తుంది.

దీని నుంచి, వైద్యులు తప్ప ఎవరూ సూది ముట్టకూడదని తేల్చేస్తే వాస్తవాన్ని చూడనట్టే. మన దేశంలో 2019 పశుగణన నాటికి గుర్రాలు, పోనీలు కలిపి సుమారు 3.4 లక్షలే; 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. హైదరాబాద్ మలక్‌పేట పందెపు మైదానం వంటి చోట గుర్రాలనే చూసే వైద్యులు ఉంటారు. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రం చిన్న పట్టణంలో రాత్రిపూట కడుపు శూలతో దొర్లుతుంటే, వచ్చే పశువైద్యుడు రోజంతా గేదెలనూ గొర్రెలనూ చూసేవారే అవుతారు. గుర్రాలు తగ్గేకొద్దీ ఆ చేతులకు సాధన కూడా తగ్గుతుంది. చట్టం ఈ విషయంలో పూర్తిగా తలుపు మూయలేదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ పశువైద్యాన్ని నమోదైన వైద్యులకే పరిమితం చేస్తూనే, డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్నవాళ్లు వైద్యుడి పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు అందించేందుకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతించే వీలు కల్పించింది. ఆ గీత దాటని చోట, యజమానులకూ సైసులకూ నేను ముందు నేర్పమనేది సూది కాదు. ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లూనిక్సిన్ రెండూ నోటికి ఇచ్చే పేస్టు రూపంలో తయారవుతాయి. డెటోమిడిన్‌ను నాలుక కింద పూసే జెల్‌గా కూడా తయారు చేశారు. ఇవి అందుబాటులో ఉన్నచోట వైద్యుడి సలహాతో వాడితే మొన అన్నదే ఉండదు. శూల వచ్చిన గుర్రానికైతే మేత తీసేసి, నాడి, ఊపిరి లెక్కపెట్టి, పేడ వేసిందో లేదో చూసి ఫోన్లో చెప్పగలిగిన సైసు, తెలియని మందు సిరలో వేసిన సైసు కంటే ఎక్కువ మేలు చేస్తాడు. నొప్పి మందు ముందే పడితే వైద్యుడు వచ్చేసరికి లక్షణాలు మరుగునపడి, శస్త్రచికిత్స అవసరమైన గుర్రం కూడా నెమ్మదించినట్టు కనిపించవచ్చు.

నేర్పవలసిన వాళ్లకు నేర్పే వరుస గురించి కూడా ఒక మాట. చాలా కళాశాలల్లో ఇప్పుడు ఫోమ్, సిలికాన్, రబ్బరు గొట్టం, రంగు నీళ్లతో చేసిన కృత్రిమ మెడ మీద మొదట సాధన చేయిస్తారు. ఖరీదైన పరికరమే కానక్కరలేదు. ఒక గొట్టంలో నెమ్మదిగా కారే నీళ్లు, దాని వెనక మరో గొట్టంలో పంపుతో చిమ్మే నీళ్లు ఉంటే చాలు. విద్యార్థి కావాలనే ‘ధమని’లోకి సూది దించి, ఆ చిమ్మడం ఎలా ఉంటుందో చూసి, సూది వెనక్కి తీసి, ఆ చోట గట్టిగా కొన్ని నిమిషాలు అదిమి పట్టడం సాధన చేయాలి. బతికున్న గుర్రం మీద ఎవరూ ఎప్పుడూ చేయనివ్వని సాధన ఇదొక్కటే, కృత్రిమ మెడ అసలు విలువ కూడా ఇందులోనే ఉంది. తర్వాత చచ్చిన గుర్రం మెడను కోసి చూపిస్తే, ఒమోహయాయిడ్ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ పోతుందో పటంలో చూసినదానికంటే బాగా నాటుకుంటుంది. ఆ పైనే ప్రాణమున్న గుర్రం, అదీ అనుభవజ్ఞుల చెంత, ముందు రక్తం తీయడం, ఆ తర్వాతే హాని లేని ద్రావణం. మందు చివరికి వస్తుంది. గుర్రం కూడా ఈ క్రమంలో నేర్చుకుంటుంది, మంచీ చెడూ రెండూ. సూది పొడవగానే తల విసిరితే మనుషులు వదిలేస్తారని ఒకసారి తెలిస్తే మళ్లీ అదే చేస్తుంది. సూది లేని రోజుల్లో కూడా గాడిని నిమిరి, అదిమి, స్పిరిట్ దూది రాసి, గుప్పెడు మేత పెడుతూ ఉంటే ఆ స్పర్శ బెదురు పుట్టించడం మానుతుంది. ముక్కు మెలిపెట్టి బలవంతంగా నిలబెట్టడం ఆ పూటకు పని జరిపిస్తుంది, తర్వాతి పూటను కష్టం చేస్తుంది. కదలని మెడ అంటే కదలని మొన. జంతువు మీద దయ, సాంకేతిక భద్రత ఇక్కడ వేరు కావు.

సిరను ఏళ్ల తరబడి కాపాడుకోవలసిన అవసరం ఎక్కడ అన్నిటికంటే ఎక్కువగా ఉందో అన్నది మన పొలాల్లో తిరిగే ప్రతి రైతుకూ సంబంధించిన విషయం. మన ఆస్పత్రుల్లో పాముకాటుకు ఇచ్చే విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచే తయారవుతుంది. తయారు చేసే సంస్థల్లో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసేదీ ఉంది. విషాన్ని కొద్ది కొద్దిగా చర్మం కింద ఇచ్చి, గుర్రం ఒంట్లో ప్రతిరక్షకాలు తయారయ్యాక, మెడ సిర నుంచి రక్తం తీస్తారు. అదే సిరను పదే పదే వాడాలి. అందుకే ఏ సిరలోనైనా సూది వేసిన తర్వాత చేసే పనులు, వేయడమంత ముఖ్యం: సూది తీసి ఆ చోట నిమిషం రెండు నిమిషాలు అదిమి ఉంచడం, మరునాడు వేళ్లతో తడిమి గాడి మెత్తగా ఉందో తాడులా గట్టిపడిందో చూడటం, ఏ రోజు ఏ వైపు ఏ మందు ఇచ్చారో పుస్తకంలో రాయడం. ఒక వైపు సిర గట్టిపడి మూసుకుపోతే రెండో వైపు సిరకు, వైద్యుడు తప్పనిసరి అంటే తప్ప, సూది తగలనివ్వకూడదు. రెండూ మూసుకుపోతే తలలోకి వెళ్లిన రక్తం తిరిగి దిగే ప్రధాన దారులు పోయి, పెదవులు, ముక్కు లోపలి పొరలు వాచిపోతాయి. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు. దానికి ఉన్నది ముక్కు ఒక్కటే. ఆ స్థితికి చేరిన గుర్రానికి గాలిగొట్టానికి రంధ్రం చేసి గొట్టం అమర్చవలసి రావచ్చు. ఎడమా కుడీ అని పుస్తకంలో రాసే ఆ చిన్న మాట తర్వాతి సూది ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో నిర్ణయిస్తుంది.